గౌసియా తీసేసిన టిక్కు

నేను ఒక ఫ్లాషింగ్ బాక్సును. అరచేతిలో ఇమిడే నల్లటి రేకు డబ్బాను. ఒక వైపు కంప్యూటర్‌కు పోయే వైరు, రెండో వైపు ఫోనుకు తగిలించే వైరు. ఉన్నట్టుండి నల్లబడిపోయి ఉలుకూ పలుకూ లేకుండా పడివున్న ఫోన్లలోకి మళ్లీ సాఫ్ట్‌వేర్ ఎక్కించడం నా పని. పనిలో నాకంటూ ఒక అభిప్రాయం ఉండదు. తెర మీద మనిషి ఏది ఎంచుకుంటే అది చేస్తాను. ఏ చిప్పు అన్నది వాళ్లే ఎంచుకోవాలి, ఏ రకం మెమరీ అన్నది వాళ్లే చెప్పాలి, ఉన్నదాని మీద ఎక్కించాలా అంతా తుడిచేసి ఎక్కించాలా అన్నదీ వాళ్ల ఇష్టమే. తుడవమంటే తుడిచేస్తాను. అందులో ఎవరి పెళ్లి ఫోటోలున్నాయో నాకెవరూ చెప్పరు.

చైనాలో ఏదో కార్ఖానాలో పుట్టి, ఓడెక్కి చెన్నైకి, అక్కడి నుంచి పార్సిల్లో కడపకు వచ్చాను. నా మొదటి యజమాని సుదర్శనానికి ధీమా ఎక్కువ. నేను ఏ ఫోనుకు తగిలించినా ముందు దాని చిప్పును నువ్వెవరని అడుగుతాను. అది చెప్పిన జవాబును తెర మీద ఒక మూల చిన్న అక్షరాలతో వేస్తాను. మూడేళ్లలో సుదర్శనం ఆ మూలకు ఒక్కసారి కూడా చూసిన పాపాన పోలేదు. ఫోను వెనకున్న స్టిక్కర్ చూసేవాడు, జాబితాలో మొదట కనిపించిన పేరు నొక్కేవాడు, అంతా తుడిచేసేవాడు. ఫోను ఖాళీగా వెలిగితే "చూడండి, కొత్తదాని మాదిరి అయిపోయింది" అని గర్వంగా చేతిలో పెట్టేవాడు. మనుషులు దానికే సంతోషించి వెళ్లిపోయేవాళ్లు. ఏం పోయిందో ఇంటికి చేరాక గాని తెలిసేది కాదు.

ఆయన స్థలాల వ్యాపారంలోకి దిగి నన్ను అమ్మేశాడు. అలా రాయచోటిలో బస్టాండు వెనక వీధిలో గౌసియా దగ్గరికి చేరాను.

గౌసియాకు నలభై దాటాయి. కుట్టుపని మానేసి, పందొమ్మిది మంది మగవాళ్లున్న తరగతిలో ఒక్కతే కూర్చుని ఫోను రిపేరు నేర్చుకుంది. నేను వచ్చిన మొదటి నెలలోనే ఒక టీచరమ్మ ఫోనును పొరపాటున నాతో పూర్తిగా తుడిపించింది. చనిపోయిన కూతురి ఫోటోలు అందులో ఉన్నాయి. ఆవిడ కోప్పడలేదు. "పోనీలేమ్మా" అని ఫోను తీసుకుని వెళ్లిపోయింది. తిట్టి ఉంటే గౌసియా మర్చిపోయేదేమో. ఆ రోజు నుంచి ఏ మీట నొక్కే ముందైనా, ఏమేం ఎంచుకుందో కాగితం మీద రాసుకుని, పైకి చదువుకుని, అప్పుడు నొక్కేది. పక్క షాపులవాళ్లు నవ్వేవాళ్లు. ఆమె తల ఎత్తేది కాదు.

ఒక బుధవారం ఉదయం షాపు తెరిచీ తెరవకముందే ఒకాయన వచ్చాడు. యాభై ఏళ్లుంటాయి. పేరు ఓబులేసు. రుమాల్లో చుట్టిన ఫోను బల్ల మీద పెట్టాడు.

"ఏమైందన్నా?"

"సచ్చిపొయ్యిందంటాండారమ్మా."

నీళ్లు తాగించి కూర్చోబెడితే గాని ఆయన నోటి నుంచి సంగతి రాలేదు. భార్య నాగసుబ్బమ్మ రెండేళ్ల కిందట ఇంటిపనికి కువైట్ పోయింది. గడువు అయిపోయినా ఆ ఇంటివాళ్లు పంపలేదు. పాస్‌పోర్టు ముందే తీసిపెట్టుకున్నారు, తరువాత ఫోను కూడా లాక్కున్నారు. నాలుగు నెలలుగా ఆమె ఉందో లేదో కూడా తెలియదు. మొన్న ఆదివారం ఏదో కొత్త నంబరు నుంచి ఒక వాయిస్ మెసేజ్, దాని కింద ఇల్లెక్కడుందో చూపించే గుర్తు వచ్చాయి. పక్కింటి పనిమనిషి ఊరికి వెళ్లిపోతూ, పోయే ముందు ఒక్క నిమిషం ఫోను ఇచ్చిందట. ఆ నంబరు ఆ రోజుతోనే ఆగిపోయింది. అడ్రసు ఉంటే కువైట్‌లోని మన రాయబార కార్యాలయానికి రాస్తామని కడపలో కలెక్టరాఫీసువాళ్లు చెప్పారు. ఫోను తీసుకుపోయి చూపిద్దామని బయలుదేరే ముందు, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేయాలా అని తెర మీద ఏదో అడిగితే ఓబులేసు సరేనని నొక్కాడు. సగంలో చార్జింగ్ అయిపోయింది. తరువాత ఆన్ చేస్తే కంపెనీ గుర్తు దగ్గరే ఆగిపోయింది. బాగుచేస్తానన్న ఒక షాపులో ఇస్తే, ఆ గుర్తు కూడా రాకుండా పోయింది.

"అంతా తుడిసేస్తే లేస్తాదంట. తుడిసేస్తే నాకు ఫోనెందుకమ్మా? ఆ యమ్మ యాడుండాదో దాంట్లోనే గదా ఉండేది!"

గౌసియా ఏమీ మాట ఇవ్వలేదు. "చూస్తానన్నా" అని మాత్రం అంది.

నన్ను తగిలించింది. నేను ఎప్పటిలాగే అడిగాను. చిప్పు బలహీనంగానైనా పలికింది, నేను మూలన రాశాను. గౌసియా కళ్లజోడు పెట్టుకుని ముందుకు వంగి, వేలు పెట్టి ఒక్కో అంకె చదివింది. వెనకున్న స్టిక్కర్ చెప్పేది ఒకటి, చిప్పు చెప్పేది ఇంకొకటి. అదే పేరుతో ఆ ఫోను రెండు రకాల చిప్పులతో అమ్ముడయింది. ముందు షాపతను స్టిక్కర్‌ను నమ్మి, దీనిది కాని ఫైలు ఎక్కించాడు. అందుకే ఉన్న కాస్త వెలుగూ పోయింది.

"మీ ఫోను సావలేదన్నా. వేరేవాళ్ల చొక్కా తొడిగినారంతే."

ఓబులేసు మొహంలోకి రక్తం వచ్చింది. కానీ పని అంతటితో అయిపోలేదు. ఆ చిప్పుతో వచ్చిన ఫోన్లలోనే పాతరకం మెమరీ ఉన్నవి కొన్ని, కొత్తరకం ఉన్నవి కొన్ని. అది కూడా నాకు ముందుగా చెప్పాలి. తప్పు చెబితే రాయకూడని చోట రాస్తాను. ఊహించి నొక్కడానికి ఆమెకు మనసు రాలేదు.

"ఫోను వచ్చిన పెట్టె ఉందా అన్నా?"

"ఇంట్లో ఉండాది. దాంట్లో సూదులూ దారాలూ పెట్టుకునేది ఆ యమ్మ. నేను దాన్ని ముట్టుకోల్యా."

"పెట్టె కావాలన్నా. కింద ఒక చీటీ ఉంటాది, దాని మీద అచ్చరాలు చూడాల."

ఓబులేసు బస్సెక్కి ఊరికి పోయాడు. ఆయన వచ్చేదాకా గౌసియా ఆ ఫోనును నా నుంచి వేరు చేయలేదు, ఇంకో ఫోను తగిలించనూలేదు. మధ్యాహ్నం రెండు దాటాక పెట్టెతో వచ్చాడు. లోపల సూదులు, బొత్తాలు, ఎర్రదారం అలాగే ఉన్నాయి. వాటిని ఒలకనివ్వకుండా రెండు చేతులతో ఎత్తి పట్టుకుంటే, గౌసియా కింద నుంచి చూసి చదివింది. కొత్తరకం మెమరీ.

కాగితం మీద రాసుకుంది: చిప్పు ఇది, మెమరీ ఇది, ఫోటోలూ మెసేజ్‌లూ లాంటి సొంత డేటా ఉన్న గడి ముట్టుకోకూడదు, తుడవకూడదు, ఉన్నదాని మీద ఎక్కించడమే. తెర మీద ఒక్కొక్కటే ఎంచుకుంది. ముందు 'అంతా తుడిచెయ్యి' అన్నదాని పక్కనున్న టిక్కు తీసేసింది. తరువాత చిప్పు, ఆపైన మెమరీ మార్చింది.

ఇక్కడ నా గురించి ఒక సంగతి ఒప్పుకోవాలి. నా సాఫ్ట్‌వేర్ రాసిన మహానుభావుడెవరో గాని, మెమరీ రకం మారిస్తే మిగతావన్నీ వాటంతటవే మొదటికి పోయేలా పెట్టాడు. మొదటికి అంటే, అంతా తుడిచెయ్యి అన్న చోటికి. గౌసియా తీసేసిన టిక్కు మళ్లీ వచ్చి, పిల్లిలా చప్పుడు చేయకుండా తన చోట తాను కూర్చుంది.

ఆమె వేలు మౌసు మీదుంది. నేను సిద్ధంగా ఉన్నాను. నొక్కితే రెండు క్షణాల్లో తుడిచేసేవాణ్ని. వద్దని చెప్పడానికి నాకు నోరెక్కడిది?

"సదువుకుంటా, ఉండన్నా" అని ఆమె కాగితం ఎత్తి పట్టుకుంది. "చిప్పు... సరే. మెమరీ... సరే. డేటా గడి ముట్టుకోకూడదు..." తెర వైపు చూసింది. కాగితం వైపు చూసింది. మౌసు మీది చేతిని నిప్పు తగిలినట్టు వెనక్కి లాక్కుంది.

"యా అల్లా!"

"ఏమైందమ్మా?"

ఆమె లేచి నిలబడింది. కొంగుతో చేతులు తుడుచుకుని మళ్లీ కూర్చుని ఆ టిక్కు తీసింది. డేటా గడిని వదిలేసింది. మొత్తం మొదటి నుంచి ఇంకోసారి చదివింది. మూడోసారీ చదివింది. అప్పుడు నొక్కింది.

ఆరు నిమిషాలు పట్టింది. నేను ఎంత జాగ్రత్తగా రాశానో నాకే తెలుసు. అందులో నా గొప్ప ఏమీ లేదు, ఎప్పుడూ అలాగే రాస్తాను. ఆ ఆరు నిమిషాలూ ఓబులేసు దారాల పెట్టెను ఒళ్లో పెట్టుకుని తెర మీద పెరుగుతున్న గీతను చూస్తూనే ఉన్నాడు. పని ముగిసింది. గౌసియా వైరు తీసి ఫోను ఆన్ చేసింది. కంపెనీ గుర్తు వచ్చింది. చాలాసేపు అక్కడే ఉంది. ఓబులేసు కళ్లు మూసుకున్నాడు.

"అన్నా, కండ్లు తెరువు. లాకు అడుగుతాంది!"

"అడిగితే?"

"లాకు అడుగుతాందంటే లోపల నీ సొత్తు నీకుండాదని. ఖాళీ ఫోను లాకు అడగదు."

ఆయన రెండుసార్లు తప్పు గీశాడు. మూడోసారి తెరుచుకుంది. గౌసియా షాపు తలుపు దగ్గరగా వేసింది. చిన్న గదిలో, భయంతో గుసగుసగా, ఒక ఆడగొంతు పలికింది.

"ఏమయ్యో, నేను బాగానే ఉండా. నీళ్ల ట్యాంకీ పక్క సందులో, పచ్చగేటు ఇల్లు, మూడో అంతస్తు. ఈ యమ్మ పోతాంది, ఇంగ ఫోనుండదు. ఎవరికన్నా చెప్పు. ఎవరికన్నా చెప్పవయ్యా."

ఓబులేసు తల బల్లకు ఆనించి ఏడ్చాడు. గౌసియా అతన్ని ఏడవనిచ్చింది. ఈలోగా ఆ మెసేజ్‌ను, ఇల్లు చూపించే గుర్తును తన ఫోనులోకి పంపుకుంది, కంప్యూటర్‌లో దాచింది, అడ్రసు రెండు కాగితాల మీద రాసింది. తరువాత షాపుకు తాళం వేసి, ఆయనతోపాటు తనూ కడప బస్సెక్కింది. ఆ సాయంత్రం నేను బల్ల మీద ఒంటరిగా ఉన్నాను. ఎంత తేలిగ్గా ఉన్నానో చెప్పలేను. ఇరవై గ్రాములు తగ్గినట్టుంది.

నలభై రోజులు పట్టింది. నడుమ ఓబులేసు పది పన్నెండుసార్లు వచ్చి, రాయబార కార్యాలయం వాళ్లు ఆ ఇంటికి పోయారనీ, పాస్‌పోర్టు ఇప్పించారనీ, టికెట్టు దొరికిందనీ ఒక్కో కబురూ చెప్పిపోయాడు. చివరికి ఒక శుక్రవారం భార్యాభర్తలు ఇద్దరూ గుమ్మంలో నిలబడ్డారు.

నాగసుబ్బమ్మ బక్కగా ఉంది. చేతుల నిండా సబ్బునీళ్ల పగుళ్లు. లోపలికి వచ్చి గౌసియా రెండు చేతులూ పట్టుకుంది.  టీ తెప్పించారు. నన్ను చూపించి "ఇదేనక్కా నీ మెసేజ్ కాపాడింది" అంది గౌసియా. నాగసుబ్బమ్మ నన్ను ఎత్తి అటూ ఇటూ తిప్పి చూసి, "ఇంతేనా!" అంది. ఆ మాట నిజం. నేను ఇంతే.

వెళ్లేముందు ఆమె గౌసియా నంబరు అడిగింది. ఓబులేసు ఫోను తీసి "చెప్పమ్మా, ఎక్కించుకుంటా" అన్నాడు.

"నువ్వు ఎక్కించుకో. నాకు నోటితో చెప్పమ్మా."

గౌసియా చెప్పింది. నాగసుబ్బమ్మ కళ్లు మూసుకుని ఆ పది అంకెలూ తనలో తాను మూడుసార్లు చెప్పుకుంది.

"ఫోన్లో ఉండేది ఫోనుతోనే పోతాదమ్మా. అక్కడ నా ఫోను గుంజుకున్నారు. ఈయన నంబరొక్కటి నా తలకాయలో ఉన్నింది గాబట్టి, పక్కింటి యమ్మ ఫోనిస్తే కొట్టగలిగినా. ఇంగ మీద నీది గూడా ఆడ్నే ఉంటాది."

ఇప్పుడు కొత్త చిప్పులు నా మాట వినవు. గౌసియా నన్ను సొరుగులో పెట్టి కొత్త పరికరం తెచ్చుకుంది. నాకు చింత లేదు. ఎన్ని వేల ఫోన్లను తుడిచానో, ఎన్నిట్లోకి రాశానో లెక్కలేదు. రాసింది మళ్లీ ఎవరో ఒకరు తుడిచే ఉంటారు. ఆ రోజు నాగసుబ్బమ్మ మెట్లు దిగి వీధిలో నడిచిపోతూ ఒక్కో అంకె పైకి చెప్పుకోవడం మాత్రం నాకు బల్ల మీదికి వినిపించింది. ఆఖరి అంకె దగ్గర ఆగి, గుర్తొచ్చి, నవ్వింది.