మొగులప్ప తాగలేదు

తాండూరు బజారులో చెత్త ఎత్తే మొగులప్పకు 1959 వానకాలంలో రెండు కళ్లూ పోయాయి. సున్నపు బట్టీ నడిపే జనార్దన్ పటేలు ఇంటి చెత్తతోపాటు నీళ్లు తగలని సున్నపు గడ్డలను కూడా మురుగు పారే మోరీలో పోయించేవాడు. "సున్నం వేరుగ పెట్టియ్యి పటేలా, చేతులు కాలుతున్నయి" అని మొగులప్ప రెండుసార్లు బతిమాలాడు. ఆ పొద్దున వాననీళ్లు పడి మోరీలో సున్నం కుతకుత ఉడుకుతోంది. అతను పార వేయగానే ఎగిరి మొహం మీద పడింది. హైదరాబాదు దవాఖానాలో డాక్టర్లు పెదవి విరిచారు.

విచారణకు వచ్చిన పోలీసు జమాదారు పటేలు చెప్పిందే రాసుకున్నాడు: మొగులప్ప తాగి మోరీలో పడ్డాడని. చెత్తబండి తోలే చాంద్‌పాషా అంతా కళ్లారా చూశాడు. అతన్ని ఎవరూ అడగలేదు.

మొగులప్ప కల్లు ముంత ముట్టని మనిషి. చూపు పోయిన బాధకంటే ఆ మాటే అతన్ని ఎక్కువ తినేసింది. "నన్ను తాగుబోతును చేసిండ్రు కదనే" అనేవాడు భార్యతో.

అతని చీపురు ఇప్పుడు భార్య కాశమ్మ చేతికి వచ్చింది. పటేలు ఇంటి వెనక పాయిఖానా ఎత్తడమూ ఆమె వంతే. ఏడాదిపాటు తల వంచుకుని ఎత్తింది. మొగులప్ప ఎట్లున్నాడని పటేలు ఒక్కనాడూ అడగలేదు. అడిగి ఉంటే ఆమె కోపం కాస్త చల్లారేదేమో.

మరుసటి శ్రావణంలో పటేలు కొడుకు పెళ్లి పెట్టుకున్నాడు. చుట్టాలు దిగిన రోజే కాశమ్మ పని మానేసింది. తమ వాడంతా తిరిగి, ఆ ఇంటికి ఎవరూ పోమని ఒట్టు వేయించుకుంది. చాంద్‌పాషా ఆ సందులోకి బండి తిప్పలేదు. పటేలు కొడంగల్ నుంచి మనుషులను పిలిపించాడు. కాశమ్మ మొగులప్పను చెయ్యి పట్టుకుని బస్సు దగ్గరికి తీసుకుపోయి వాళ్లకు చూపించింది. వాళ్లు వచ్చిన బస్సులోనే వెనక్కి పోయారు.

నాలుగో రోజుకు చుట్టాలు ముక్కులు మూసుకుని మూటలు సర్దుకోసాగారు. పటేలు వాడకు వచ్చాడు.

"ఏం గావాలె నీకు?"

"జమాదారును పిలిపియ్యి. నా మొగడు తాగలేదని గీ వాడ ముందర చెప్పి, కాగితం మీద దస్కతు పెట్టు."

జమాదారుకు కబురు పోయింది. అతను వచ్చాక పటేలు మొగులప్ప ఎదుట నిలబడి, "మొగులప్ప తాగలే. సున్నం మా ఇంటిదే" అని గొణిగాడు.

"జర గట్టిగ చెప్పు పటేలా. నువ్వు యాడున్నవో ఆయనకు కనవడది" అంది కాశమ్మ.

అతను మళ్లీ చెప్పాడు. దస్కతు పెట్టాడు. చాంద్‌పాషా సాక్షిగా వేలిముద్ర వేశాడు. మొగులప్ప ఆ కాగితాన్ని వేళ్లతో తడిమి చూశాడు.

"ఇగ నడువు, ఇంట్ల ఎవ్వరు ఆగుతలేరు" అన్నాడు పటేలు.

"నేనొస్తనని ఎప్పుడన్న? నీది నువ్వే ఎత్తుకో. పార ఇస్త."

పార పట్టుకుని కాశమ్మ అతని వెంటే పోయింది. పటేలు ధోతి ఎగగట్టి, మూతికి రుమాలు చుట్టుకుని ఆరు గంపలు ఎత్తాడు. రెండుసార్లు కక్కుకున్నాడు. తనకు ఎక్కడ జాలి కలుగుతుందోనని కాశమ్మ భయపడింది. కలగలేదు.

జమాదారు కాగితం మార్చాడు. మొగులప్పకు చూపు రాలేదు. అతనికి అన్నం కలిపి చేతిలో పెట్టేటప్పుడల్లా, పటేలును పెళ్లి ముహూర్తం దాకా ఆ కంపులోనే ఆపి ఉండాల్సింది అనుకునేది కాశమ్మ.