మొదటి స్వరం

నాకు ముక్కు మీద కోపం. మా నానమ్మ నన్ను పేరు పెట్టి పిలవడం ఎప్పుడో మానేసి ‘చిటపట’ అంటుంది. కానీ ఆ సోమవారం నా కోపంలో న్యాయం ఉందనే అనుకున్నాను. పదకొండో తరగతి పై స్థాయి సంగీతం క్లాసుకి ఆరు సీట్లున్నాయి, అడిగినవాళ్లం పదకొండుమందిమి. ఆ క్లాసులో చేరితేనే సంగీత కళాశాల గడప తొక్కనిస్తారు. ప్రవేశ పరీక్షలో నాకు సున్నా వచ్చింది.

పరీక్ష పెద్ద కష్టమైనదేం కాదు. నొక్కే మెట్లు మాకు కనబడకుండా పియానోని అటు తిప్పి పెట్టి, సంగీతం మేడమ్ ఎనిమిది చిన్న బాణీలు వాయిస్తారు. విన్నది విన్నట్టు గీతల కాగితం మీద రాయాలి, అంతే. “మొదటి స్వరం పేరు కావాల్సినవాళ్లు చెయ్యెత్తండి. వచ్చి మీ కాగితం మీద రాస్తాను. అడిగినందుకు మార్కులేం తగ్గవు” అన్నారు మేడమ్. పది చేతులు లేచాయి. నేను ఎత్తలేదు. ఎత్తకపోగా చుట్టూ చూసి నవ్వుకున్నాను కూడా. బస్సు హారనైనా, లిఫ్టు గంటైనా, చెవిన పడగానే అది ఏ స్వరమో నాకు దానంతట అదే తెలిసిపోతుంది. మా ఇంటి పియానో ముందు కూర్చోబెట్టిన నాలుగేళ్ల వయసు నుంచీ అంతే. ఎరుపుని చూసి ఇది ఎరుపేనా అని ఎవరినైనా అడుగుతామా?

అలాంటి నాకు సున్నా! స్టాఫు రూములోకి వెళ్లి ఒంటికాలి మీద లేచాను. “నేను విన్నదే రాశాను మేడమ్. కావాలంటే ఇప్పుడే పెట్టండి.”

మేడమ్ విసుక్కోలేదు. సంగీతం గదికి తీసుకెళ్లి, నన్ను గోడ వైపు తిరగమని, ఒక మెట్టు నొక్కారు.

“డి షార్ప్” అన్నాను.

ఇంకోటి నొక్కారు. “ఎఫ్ షార్ప్” అన్నాను. అలా పది నొక్కాక ఆమె నవ్వేశారు.

“నువ్వు పది తప్పులు చెయ్యలేదమ్మా. ఒకే తప్పు పదిసార్లు చేశావు. నేను డి వాయిస్తే డి షార్ప్ అన్నావు, ఎఫ్ వాయిస్తే ఎఫ్ షార్ప్ అన్నావు. ప్రతిదీ సరిగ్గా అర స్వరం పైకి చెప్తున్నావు. మీ ఇంట్లో పియానో శ్రుతి చేసేదెవరు?”

తల కొట్టేసినట్టయింది. ఊళ్లో సగం పియానోలు, ఈ బడి పియానోతో సహా, శ్రుతి చేసేది మా నాన్నే.

“శుక్రవారం నీకొక్కదానికే మళ్లీ పెడతాను. అప్పటిదాకా ఆరో సీటు ఎవరికీ ఇవ్వను. అప్పుడూ ఇంతే అయితే మాత్రం నేనేం చెయ్యలేను” అన్నారు మేడమ్.

ఇంటికెళ్లి సంచీ ఓ మూలకి విసిరేశాను. నాన్న పనిముట్ల పెట్టెలోంచి అసలు ‘ఎ’ స్వరం పలికే రెండు కొమ్ముల శ్రుతిదండం తీసి మోకాలికేసి కొట్టి, పియానో చెక్కకి ఆనించి, రెండో చేత్తో ‘ఎ’ మెట్టు నొక్కాను. రెండు శబ్దాలూ ఒకదాన్నొకటి కరుచుకున్నాయి. నా పళ్లు జివ్వుమన్నాయి.

“ఏంటి నాన్నా ఇది?”

నాన్న కాఫీ గ్లాసు కింద పెట్టాడు. “అది కొన్నప్పుడే లోపలి ఇనుప చట్రంలో వెంట్రుకంత బీట ఉందమ్మా. తీగలన్నీ పూర్తిగా బిగిస్తే ఆ లాగుడికి ఆగదు. అందుకని అన్నీ అర స్వరం కిందకి వదులు చేశాను. మన పియానో మీద డి షార్ప్ నొక్కితే పలికేది అసలు డి. అప్పటికి నువ్వింకా పుట్టలేదు. ఏ శ్రుతిలో వాయించినా పాట పాటే కదా అనుకున్నాను.”

నోరు జారాను. “ఊరందరికీ నిజం శ్రుతి చేసి, సొంత కూతురికి పన్నెండేళ్లు అబద్ధం నేర్పావు!”

నాన్న చిన్నబోయాడు. “ఒసే చిటపటా, ఆ పెట్టె నీకంటే ముందొచ్చింది ఈ ఇంటికి. పెద్దదాని ముందు కాస్త గొంతు తగ్గించు” అంది నానమ్మ. ఎవరం నవ్వలేదు.

మర్నాడు బడి నుంచి వచ్చేసరికి నాన్న పియానో ముందు చెక్క ఊడదీసి, రెంచితో తీగలు బిగిస్తున్నాడు. “రోజుకి కొంచెం కొంచెంగా లాగితే చట్రం ఓర్చుకోవచ్చు” అన్నాడు, నా వైపు చూడకుండా. బీట సంగతి నాకు గుర్తుంది. వద్దు నాన్నా అనొచ్చు. అనలేదు. అన్యాయం ఆయన చేశాడు, ఆయనే సరిచెయ్యాలి అని నా పట్టుదల.

ఆ మూడు రోజులూ కాలుగాలిన పిల్లిలా తిరిగాను. కూర్చుంటే లేవాలనిపించేది, లేస్తే ఎక్కడికెళ్లాలో తెలిసేది కాదు. పియానో పాత శ్రుతికీ కొత్త శ్రుతికీ మధ్య వేలాడుతోంది. నా చెవీ అంతే. లిఫ్టు గంట మోగితే రెండు పేర్లు ఒకేసారి తోసుకొచ్చేవి. బుధవారానికి ఆ రెండూ కూడా రావడం మానేశాయి. ఇన్నాళ్లూ పేర్లతో పలకరించిన శబ్దాలన్నీ ఒక్కసారిగా మొహం తిప్పుకుని వెళ్తుంటే నాకు భయమేసింది.

గురువారం సాయంత్రం పళ్లేలు కడుగుతుంటే ముందు గదిలో ఢామ్మని చప్పుడైంది. పరిగెత్తాను. ఇనుప చట్రం అడ్డంగా పగిలింది. లావు తీగలన్నీ వదులై వేలాడుతున్నాయి. నాన్న రెంచి పట్టుకుని అలాగే నిలబడి ఉన్నాడు. మణికట్టు మీద చిన్న గీరుడు.

“అతికించలేమా?” అన్నాను.

“లేము” అన్నాడు. “పోనీలే. నువ్వు రేపటి సంగతి చూసుకో.”

తిట్టినా బాగుండేది.

శుక్రవారం సంగీతం గదిలో మేడమూ నేనూ మాత్రమే ఉన్నాం. “మొదటి స్వరం పేరు కావాల్సినవాళ్లు చెయ్యెత్తండి” అన్నారు ఆమె, గదినిండా పిల్లలున్నట్టే. మొదటి బాణీ వాయించారు. ఏ పేరూ రాలేదు. నా కలం కాగితం మీద చుక్క పెట్టి అక్కడే ఆగిపోయింది. రెండోసారి వాయించారు. సీటు పోతోందని తెలుస్తూనే ఉంది. చూసేవాళ్లెవరూ లేరు, అయినా సిగ్గుతో చెవులు వేడెక్కాయి. చెయ్యెత్తాను.

మేడమ్ లేచి వచ్చి నా కాగితం మీద ఒక్క అక్షరం రాసి వెళ్లారు. అంతే. అక్కడి నుంచి పైకెంత, కిందకెంత అని దూరాలు వింటూ రాసుకుంటూ పోయాను. మిగతా ఏడింటికీ చెయ్యెత్తాను. ఎనిమిదిలో ఏడు సరిగ్గా వచ్చాయి. ఆరో సీటు నాది.

ఇంటికొచ్చేసరికి నాన్న పియానో తీగలు ఒక్కొక్కటే విప్పి చుట్టలు చుడుతున్నాడు. పక్కన ముక్కాలిపీట మీద నానమ్మ.

“సీటొచ్చింది నాన్నా.”

ఆయన మొహం వెలిగిపోయింది. “మూడు రోజులకే చెవి సర్దుకుందన్నమాట! మొదటి బాణీ దేంతో మొదలైంది?”

ఔననేస్తే సరిపోయేది. ఆ పియానో ఊరికే పోలేదని ఆయన సంతోషించేవాడు.

“నాకు తెలియలేదు. అడిగాను.”

“అడిగితే చెప్తారా?”

“చెప్తారు. సోమవారం కూడా చెప్తానన్నారు. అందరూ అడిగారు. నేనొక్కదాన్నే చెయ్యెత్తలేదు.”

నాన్న చేతులు ఆగిపోయాయి. పగిలిన చట్రం వైపు చూశాడు, తర్వాత నా వైపు. ఏడుపు ఆపుకోలేకపోయాను.

నాన్న అతి పొడవైన తీగ అందుకుని, దాని కొస నా వైపు చాచాడు.

“గట్టిగా పట్టుకో. జారితే మొహమ్మీద కొడుతుంది.”

రెండు చేతులతో పట్టుకున్నాను. ఆయన రెండో కొస నుంచి చుట్టుకుంటూ నా దగ్గరికి వచ్చేదాకా కదల్లేదు.