హారతికి బాంజో

మా ఆయన దేవరాజ్ పోయాక ఆయనను మెచ్చుకునేవాళ్లు బాగా పెరిగారు. బతికుండగా వీళ్లంతా ఎక్కడున్నారని నేను అడగను. ఇక్కడే, బెంగళూరు మారతహళ్లిలోనే ఉన్నారు.

ఆయన బాంజో వాయించేవారు. బాంజో అంటే మన భజనల్లో ఒళ్లో పెట్టుకుని మీటలు నొక్కే పెట్టె గుర్తుకొస్తుంది. ఇది అది కాదు. గుండ్రటి చట్రానికి తోలు బిగించి, దానికి గిటారు మెడ అతికించినట్టుండే అమెరికా వాయిద్యం. ఐదు తీగలు. ఆయన సూపర్‌వైజరుగా పనిచేసిన అపార్టుమెంటులో ఒక విదేశీయుడు ఇల్లు ఖాళీ చేస్తూ దాన్ని వదిలేసి వెళ్లాడు. దాని మీద అమెరికా పల్లెపాటలు వాయించాలట. ఆ సంగతి మా ఆయనకు మొదట్లో తెలియదు. తెలిశాక పట్టించుకోలేదు. తమటె డప్పు దరువులు, పెళ్లి బ్యాండు పాటలు, కోలాటం పాటలు అన్నీ దాని మీదికి తెచ్చారు. పొట్టిగా ఉండే ఐదో తీగను శ్రుతికి పెట్టుకుని రామభజన వాయించేవారు. అన్నిటికంటే ఇష్టంగా వాయించింది మంగళహారతి. నేను పాఠాలు చెప్పే బడిలో చివరి గంట కొట్టాక పిల్లలు గేటు వైపు పరిగెత్తినట్టు ఉండేది ఆ వాయింపు. భక్తి ఉందా లేదా అని అడిగితే చెప్పలేను. సంతోషం ఉండేది.

పీజీ హాస్టళ్ల మధ్య ఇరుక్కుని మా పాత ఊరి భజన మందిరం ఒకటి మిగిలింది. దాని పెద్ద చెన్నరాయప్ప. ఆ వాయిద్యాన్ని మందిరంలోకి తెస్తానని మా ఆయన అడిగిన ప్రతిసారీ ఆయన ఒకే మాట అన్నాడు.

"తోలు వస్తువు దేవుని ముందరికి ఎట్లప్పా వస్తాది? ఆచారం అని ఒకటి ఉండాది గదా."

ఆ మాట అన్నప్పుడల్లా ఆయన ఒళ్లో డోలక్ ఉండేది.

కాఫేవాళ్లు అంత కఠినులు కారు. రింగురోడ్డు పక్కన డాబా మీద కాఫీ అమ్మే చోట చంద్రశేఖర్ అనే కుర్రాడు ఫ్యూజన్ బృందం నడిపేవాడు. అనంతపురం నుంచి వచ్చి సాఫ్ట్‌వేర్‌లో చేరాడు. అతను మా ఆయనను రెండు చేతులతో ఆహ్వానించాడు. ఒక్కటే కోరాడు, పంచె కట్టుకుని తలకు తువ్వాలు చుట్టుకు రమ్మని. పోస్టరు మీద 'పల్లె గొంతు' అని వేశారు. మా ఆయన పుట్టింది ఆ కాఫేకు మూడు సందుల అవతల. పంచె కట్టింది మా పెళ్లిలో ఒకసారి. అయినా కట్టుకుని వెళ్లారు. హారతి మొదలుపెట్టగానే "సార్, కొంచెం స్లో. జనం ఫీల్ అవ్వాలి" అన్నారట. ఇంటికొచ్చి, "వాళ్లకు హారతి జోలపాటలాగా కావాలంట" అని నవ్వారు. తువ్వాలు ఉతకడానికి వేశారు.

ఫిబ్రవరిలో గుండె ఆగి పోయారు. దాని గురించి ఇంతకంటే రాయను.

నాకు ఒక్కటే కోరిక మిగిలింది. ఆయన హారతి ఆ బాంజో మీద, ఆ మందిరం లోపల, ఒక్కసారి వినాలి. మా వాడలో ఒక పద్ధతి ఉంది. వైకుంఠ సమారాధన నాటి భజనలో చివరి హారతి ఎలా జరగాలో చావు ఇంటివాళ్లే చెబుతారు. భజన పెద్ద కాదనకూడదు. ఆ పద్ధతి పట్టుకుని చెన్నరాయప్ప దగ్గరికి వెళ్లాను.

ఆయన మీసం సవరించుకున్నాడు.

"మన దేవరాజ్ పెద్ద కళాకారుడమ్మా. మా భజన వల్లనే అంతవాడు అయినాడు" అన్నాడు.

"అందుకే హారతికి బాంజో పెట్టండి మామా."

"దానికేమి. మన భజనలో కీబోర్డు వాయించే హరీశ్ క్యాసియోలో బాంజో సౌండు ఉండాది. నంబరు నొక్కితే వస్తాది. సుమ్మనే ఊరికే ఆ బాణలి ఎందుకు?"

"ఆ బాణలే కావాలి."

"వాయించే వాడే లేడు గదమ్మా" అన్నాడు, తాను గెలిచినట్టు. తర్వాత తన మాట తనకే వినపడినట్టుంది, తల దించుకున్నాడు.

ఆ సాయంత్రం చంద్రశేఖర్ నల్ల కుర్తాలో పరామర్శకు వచ్చాడు. మా ఆయన జ్ఞాపకార్థం తయారుచేసిన ట్రాక్ అని ఫోనులో వినిపించాడు. వాన చప్పుడు ఉంది. వేణువు ఉంది. ఒక అమ్మాయి ఇంగ్లీషులో గుసగుసలాడింది.

"బాంజో ఎక్కడ బాబూ?" అన్నాను.

"మిక్స్‌లో కొంచెం షార్ప్‌గా వస్తోంది మేడమ్. తగ్గించాం. కానీ సార్ ఎనర్జీ మొత్తం ఉంది."

"హారతి వాయించడం నీకు వచ్చా?"

"సారే నేర్పించారు మేడమ్. నేను దాన్ని రీ-ఇమాజిన్ చేశాను."

వేరే దారి లేదు. సరే, సమారాధన నాడు హారతికి బాంజో వాయించడానికి రమ్మన్నాను.

సమారాధన రోజు మందిరం నిండింది. ఎప్పుడూ రాని బంధువులు కూడా వచ్చారు. భోజనంలో హోళిగలు, అదే బొబ్బట్లు, ఉన్నాయని తెలిసినట్టుంది. భజనలు ముగిశాయి. మా అత్త అక్కయమ్మ హారతి పళ్లెంలో కర్పూరం వెలిగించింది. చంద్రశేఖర్ బాంజో ఒళ్లో పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు. ఒక తీగ మీటాడు. ఆగాడు. అది పూర్తిగా అణిగాక ఇంకొకటి మీటాడు. కాఫేలో అయితే చప్పట్లు కొట్టేవారేమో. ఇక్కడ అత్త కర్పూరాన్నీ అతన్నీ మార్చి మార్చి చూసింది.

కర్పూరం ఆరేలోగా పాట ముగియాలి. అది మందిరంలో పుట్టి పెరిగిన ఎవరికైనా తెలుసు. అతనికి తెలియదు.

"ఏమప్పా, నిద్రపోతా ఉండావా?" అన్నాడు చెన్నరాయప్ప.

"అంకుల్, ఇది స్పేస్. మ్యూజిక్‌లో సైలెన్స్..."

"సైలెన్సు బయట పెట్టుకో. కర్పూరం ఆరిపోతాది, వాయించు."

చెన్నరాయప్ప తాళాలు అందుకుని అతని చెవి దగ్గరే కొట్టాడు. చంద్రశేఖర్ ఉలిక్కిపడి కళ్లు తెరిచాడు. కోపం వచ్చినట్టుంది, వేళ్లు వేగం అందుకున్నాయి. ఆయన ఇంకా వేగంగా కొట్టాడు. ఇతను దాన్ని దాటాడు. ఒకరి మీద ఒకరికి ఉన్న కసి తప్ప అక్కడ ఇంకేమీ లేదు. ఆ కసిలో, రీ-ఇమాజిన్ చేసిందంతా ఊడిపోయి, నేర్పించింది బయటికి వచ్చింది. పొట్టి తీగ బొటనవేలి కింద మోగుతూ ఉండగా మా ఆయన హారతి నాకు వినపడింది. పరిగెత్తుతూ వినపడింది. రెండు చరణాలు. నేను స్తంభానికి ఆనుకున్నాను.

పాట కర్పూరం కంటే ముందే ముగిసింది.

"శభాష్. శుక్రవారం భజనకు నువ్వు రావాల" అన్నాడు చెన్నరాయప్ప, చెమట తుడుచుకుంటూ.

"షూర్ అంకుల్. కొలాబ్ చేద్దాం."

ఏళ్ల తరబడి మా ఆయనకు అడ్డుపడిన ఆచారం, హారతి పళ్లెం ఒక చుట్టు తిరిగేలోగా తప్పుకుంది. అంత త్వరగా తప్పుకోగలదని నాకు తెలియదు. బహుశా దానికీ తెలియదు.

నేను వెళ్లి చంద్రశేఖర్ చేతుల్లోంచి బాంజో తీసుకున్నాను. "ఆకులు వేశారు, భోజనానికి లే బాబూ" అన్నాను. చెన్నరాయప్ప నా పక్కకు వచ్చి గొంతు తగ్గించాడు.

"టీచరమ్మా, దీన్ని మందిరానికి ఇచ్చెయ్యి. దేవరాజ్ పేరు రాయిస్తాము."

పైకి చూశాను. ట్యూబులైట్ల మీద దాతల పేర్లు, గడియారం మీద పేరు, మైకు పెట్టె మీద తండ్రి పేరుతో సహా కొడుకు పేరు.

"ఎక్కడ రాస్తారు మామా?"

"ఆ తోలు మీదనే. ఎర్ర పెయింటుతో. దూరానికి కూడా కనిపిస్తాది."

"పెయింటు వేస్తే తోలు పలకదు."

"పలికే పని ఏముండాదమ్మా? గోడకు తగిలిస్తాము గదా."

ఆయన ఎగతాళి చేయలేదు. మనస్ఫూర్తిగా అన్నాడు. గౌరవం అంటే ఆయనకు తెలిసింది అదే. బాంజోను సంచిలో పెట్టి జిప్పు వేశాను.

"ఇది ఇవ్వను. ఫ్యాను ఇప్పిస్తాను. మూడు రెక్కల మీదా ఆయన పేరు రాయించండి."

చెన్నరాయప్ప తల ఎత్తి కప్పును చూశాడు. ఎక్కడ బిగించాలో చూసుకుంటున్నాడు.

"ఫ్యాను అయితే ఇంకా మేలమ్మా" అన్నాడు. "ఎండలు వస్తా ఉండాయి."