ప్రెసెనీకీ

పందొమ్మిది రోజుల తరవాత అన్నయ్య నోట మొదటి మాట వచ్చింది. అది అమ్మా కాదు, నీళ్ళూ కాదు, చెల్లెలి పేరు అసలే కాదు.

"ప్రెసెనీకీ."

వార్డులో కసరత్తులు చేయించే ఫిజియో దాన్ని విని ఇదేదో తాళంచెవి వ్యవహారమనుకున్నాడు. సాయంత్రం చెల్లెలు రాగానే ఎదురెళ్ళి, "మేడమ్, మీ అన్నయ్యగారు ఏదో కీ అడుగుతున్నారు. బీరువాదో బండిదో తెచ్చి చేతిలో పెట్టండి," అన్నాడు. బండిది అయ్యే అవకాశం లేదు. మలుపులో ఆయన్ని విసిరికొట్టి ఈ మంచమెక్కించింది ఆ బండే.

ఆ మాట వినగానే చెల్లెలికి ప్రాణం లేచొచ్చింది. ప్రెసెనీకీ తాళంచెవి కాదు, ఆట. వాళ్ళింటికి మొట్టమొదట వచ్చిన కంప్యూటర్లో ఉన్న ఒకే ఒక్క ఆట. నల్లటి తెర మీద ఒక పొట్టివాడు సొరంగాల్లో దూకుతూ రాగి గంటలు ఏరుకునేవాడు. దాని అసలు పేరేమిటో ఇంట్లో ఎవరికీ తెలియదు. ఆట మొదలయ్యే ముందు 'ప్రెస్ ఎనీ కీ' అని మూడు ఇంగ్లిషు మాటలు మిణుకుమిణుకుమనేవి. అన్నయ్య వాటిని కలిపేసి ఇల్లెగిరిపోయేలా అరిచేవాడు. ఏదో ఒక మీట నొక్కండి బాబూ అని కంప్యూటరు మర్యాదగా అడుగుతుంటే, ఇంగ్లిషు అంతంతమాత్రంగా వచ్చిన ఆ ఇంటిల్లిపాదీ అదే ఆట పేరని ఖాయం చేసుకున్నారు. నాన్నకు కోపమొస్తే, "ముందు ఆ ప్రెసెనీకీ కట్టేసి పుస్తకం తియ్యి," అనేవాడు.

"ఆ ఆటేదో తెచ్చి చూపించండి," అంది డాక్టరమ్మ. "వచ్చే శుక్రవారం నాలుగింటికి పరీక్ష. ఈ వార్డులో పన్నెండే మంచాలున్నాయి. ఆయన తనంతట తాను ఏదైనా ఒక్క పని చేస్తే ఉంచుతాం. లేకపోతే కింది అంతస్తుకి మార్చక తప్పదు."

కింది అంతస్తు సంగతి చెల్లెలికి తెలుసు. అక్కడ పక్కకు తిప్పి పడుకోబెడతారు, గొట్టంతో తినిపిస్తారు, ఒళ్ళు తుడుస్తారు. కసరత్తులుండవు, మాట్లాడించేవాళ్ళుండరు. అక్కడికి దిగినవాళ్ళు మళ్ళీ పైకొచ్చిన దాఖలా లేదని వార్డు ఆయా ఒకటికి రెండుసార్లు చెప్పింది. మంచి మనిషే గానీ, ఏది ఎప్పుడు చెప్పాలో తెలియని మనిషి.

అలా మొదలైంది వేట. చెల్లెలిది ఆల్టరేషన్ల దుకాణం. పొడుగు ప్యాంట్లు పొట్టి చేయడం, బిగుతు చొక్కాలు వదులు చేయడం ఆమె పని. కుట్లు విప్పిన బట్టలు విప్పినట్టే వదిలేసి షట్టరు దించేసింది. ముందు పెద్ద బజారులో ఉన్న మూడంతస్తుల ఎలక్ట్రానిక్స్ షాపుకి వెళ్ళింది.

"ప్రెస్ ఎనీ కీ ఉందా?"

"ఏ కీ మేడమ్?" అన్నాడు సేల్స్‌మన్.

"ఎనీ కీ."

"అదే, ఏది?"

"పేరే అది. కంప్యూటర్ ఆట పేరు."

సేల్స్‌మన్ మొహం అదోలా పెట్టి, పక్క కౌంటర్లో ఉన్నవాణ్ణి పిలిచి, "ఒరే, మేడమ్‌కి ఏ కీ అయినా ఫర్వాలేదట," అన్నాడు. వాడు ఇంకొకణ్ణి పిలిచాడు. ముగ్గురూ కలిసి ఆమెకో కీబోర్డు అంటగట్టబోయారు. ఆమెకు కడుపు మండిపోయింది. అరిస్తే ఇంకా నవ్వుతారని నోరు మూసుకుని బయటికొచ్చేసింది.

ఫోన్లో వెతికితే పాడైన కీబోర్డులు బాగుచేసే వీడియోలు కుప్పలుగా వచ్చాయి. పాత సామాన్లమ్మే చోట్లన్నీ కాళ్ళరిగేలా తిరిగింది. ఒకడు కారు పందేల ఆట చేతిలో పెట్టి, "అన్నీ ఒకటేనండీ, టైంపాసేగా," అన్నాడు. ఇంకొకడు రేపు రమ్మన్నాడు, రేపు వెళితే ఎల్లుండన్నాడు, ఎల్లుండికి దుకాణానికి తాళం. ఉదయం వార్డులో గంటసేపు కూర్చునే మనిషి అరగంటకే లేచేది. తరవాత పావుగంటకొచ్చింది. ఆదివారం అసలు వెళ్ళనేలేదు, ఊరి చివర ఎవరో పాత సీడీలు అమ్ముతున్నారని తెలిస్తే అటే పోయింది.

సోమవారం, ఆమె దగ్గర బట్టలిచ్చిన ఒకావిడ కూతురు జాలిపడి, గంటలేరుకునే ఆటే ఇంకేదో వెతికి ఆమె ఫోన్లో ఎక్కించింది. అచ్చం అలాగే ఉంది. సొరంగాలున్నాయి, పొట్టివాడున్నాడు. వేలు తగిలీ తగలగానే ఆట మొదలైపోతుంది. చెల్లెలు పరుగున వెళ్ళి అన్నయ్య కళ్ళ ముందు పెట్టింది. అన్నయ్య ఒక్క క్షణం చూసి మొహం తిప్పేసుకున్నాడు.

"ఇది కాదా? అదే కావాలా?"

"ప్రెసెనీకీ," అన్నాడు అన్నయ్య ఆమె మొహంలోకి చూస్తూ.

"తెస్తాలే. ఎక్కడున్నా తెస్తా. నువ్వు మాత్రం శుక్రవారం దాకా ఓపిక పట్టు," అని మళ్ళీ బయల్దేరింది. తన ఓపిక అప్పటికే అడుగంటింది.

బుధవారం ఒక పాత కాంప్లెక్సులో, మెట్ల కింద మరమ్మతుల దుకాణం కనబడింది. లోపల విప్పదీసిన కంప్యూటర్ల మధ్య నుదుటి మీద భూతద్దం పెట్టుకున్న పెద్దాయన కూర్చుని ఉన్నాడు. ఈసారి పేరు చెప్పకుండా పొట్టివాడి గురించీ గంటల గురించీ చెప్పింది.

"అలాంటివి వంద ఉంటాయమ్మా. ఇంకేమైనా గుర్తుందా?"

ఆమెకు గుర్తున్నది ఒక్కటే, పొట్టివాడు గోతిలో పడ్డప్పుడు వచ్చే ఏడుపుగొట్టు పాట. అటూ ఇటూ చూసి, సిగ్గు విడిచి, "ట్యూ ట్యూ ట్యూఁ..." అని ఎత్తుకుంది. పెద్దాయన స్క్రూడ్రైవరు పక్కన పెట్టాడు. "...ట్యుట్యుట్యూ ఢాం!" అని మిగతాది ఆయనే పూర్తిచేశాడు.

"కాపర్ బెల్స్! మీరేమనేవాళ్ళు దాన్ని?"

"ప్రెసెనీకీ."

"మా ఇంట్లో 'ఇన్సర్ట్ డిస్క్ టూ' అనేవాళ్ళు," అని పెద్దాయన పడీపడీ నవ్వాడు. ఆమె కూడా నవ్వింది. అన్నయ్య మంచమెక్కినప్పట్నించీ అదే మొదటి నవ్వు. అది కూడా ఎంతోసేపు నిలవలేదు.

"నా దగ్గరే ఉండేదమ్మా, సీలు కూడా విప్పని పెట్టె. పోయినవారమే ఒకాయన పట్టుకుపోయాడు."

ఆమె అక్కడే ఉన్న స్టూలు మీద కూలబడింది. విషయమంతా విని పెద్దాయన కొనుక్కున్నాయన అడ్రసు రాసిచ్చాడు. ఇప్పటి కంప్యూటర్లలో ఆ సీడీ పనిచేయదని తన పాత లాప్‌టాప్ కూడా సంచిలో పెట్టిచ్చాడు. "రిటైరైన టైమ్‌కీపరాయన. పెట్టెలు దాచుకుంటాడు. ఇస్తాడని మాత్రం నేను చెప్పను," అన్నాడు.

గురువారం టైమ్‌కీపర్ ఇంటికి తాళం. రేపు మధ్యాహ్నానికి వస్తారని పక్కింటావిడ చెప్పింది. ఆ రోజంతా చెల్లెలు ఏం తిన్నదో ఏం చేసిందో ఆమెకే తెలియదు. శుక్రవారం పన్నెండు నుంచీ గుమ్మంలోనే కాపలా కాసింది. రెండున్నరకు టైమ్‌కీపర్ బ్యాగుతో వచ్చి, అపరిచితురాలు తన మెట్ల మీద కూర్చుని ఉండడం చూసి బెదిరిపోయాడు.

లోపల గోడలకు గాజు అలమరాలు, వాటి నిండా పెట్టెలు. ఒక్కదాని మీద కూడా దుమ్ములేదు. కాపర్ బెల్స్ మధ్య అరలో, ప్లాస్టిక్ కాగితం నలగకుండా నిగనిగలాడుతోంది. అట్ట మీద పొట్టివాడిని చూడగానే చెల్లెలు అన్నయ్య సంగతి గబగబా చెప్పి, వెల ఎంతైనా ఇస్తానంది.

"అమ్మను," అన్నాడు టైమ్‌కీపర్.

"పోనీ అద్దెకివ్వండి. సాయంత్రం తెచ్చిస్తాను."

"సీలు విప్పిన తరవాత తెచ్చిస్తే ఏం లాభమమ్మా? ఇరవయ్యేడేళ్ళుగా ఎవరూ విప్పలేదు. విప్పకపోవడమే దీని గొప్పదనం."

"మీరెప్పుడూ ఆడలేదా?"

"లేదు. ఆడాల్సిన అవసరమేముంది? లోపల ఏముందో అట్ట మీద రాసే ఉందిగా."

గోడ గడియారం మూడు కావస్తోంది. ఆసుపత్రి ఇక్కణ్ణించి అరగంట. పది రోజుల కోపం, సేల్స్‌మన్ల నవ్వులు, రేపు రండి ఎల్లుండి రండి అన్న మాటలు అన్నీ కలిసి ఆమె గొంతులోకి వచ్చాయి. మర్యాదంతా గాలికి పోయింది.

"మా అన్నయ్య మీదేమీ రాసిలేదండీ," అని అరిచింది. "ఆయన కూడా ఇలాగే ఉన్నాడు, సీలేసిన పెట్టెలా. లోపల ఏముందో డాక్టర్లకి తెలీదు. నాలుగింటికి పైనుంచి ఒక చూపు చూసి, ఏమీ లేదని రాసేసి కింద పడేస్తారు. మీరు ఉంచుకోండి మీ గొప్పదనం. రోజూ తుడుచుకోండి."

అనేసి, ఇంత మాట అన్నానేమిటా అని తనే గుడ్లప్పగించి నిలబడింది. టైమ్‌కీపర్ గోడ గడియారం వంక చూశాడు. అలమరా తలుపు తీశాడు. పెట్టె తెచ్చి బల్ల మీద పెట్టి, సొరుగులోంచి కత్తెర తీసి ఆమె చేతికిచ్చాడు.

"మీరే కోయండి. నేను చూడలేను," అని కిటికీ వైపు తిరిగాడు.

కుట్లు విప్పడం అలవాటైన మనిషి, ప్లాస్టిక్ కాగితాన్ని అంచు వెంబడి ఒక్క గీటున కోసేసింది.

వార్డు చేరేసరికి నాలుగింటికి ఇంకా అయిదు నిమిషాలుంది. అన్నయ్యను దిండ్లకు ఆనించి కూర్చోబెట్టి ఉన్నారు. మంచం మీదికి జరిపిన బల్ల మీద లాప్‌టాప్ పెట్టి, ఫిజియో ఆయన చేతులు రెండూ మీటల మీద సర్దాడు. డాక్టరమ్మ కాగితాల అట్ట చంకలో పెట్టుకుని వచ్చింది.

"బంధువులు గోడ దగ్గర నిలబడండి. చెప్పివ్వడం, చెయ్యి పట్టడం ఉండకూడదు. ఆయన చేసిందే రాస్తాను."

సీడీ గరగరమంది. ఆగిపోయింది. మళ్ళీ గరగరమంది. తెర నల్లబడి, మూడు మాటలు మిణుకుమిణుకుమన్నాయి.

అన్నయ్య కళ్ళు పెద్దవయ్యాయి. గోడకు అంటుకుపోయిన చెల్లెలు లోలోపలే బతిమాలింది. నొక్కు. ఏదో ఒకటి నొక్కు. ఇరవయ్యేడేళ్ళ సీలు కోసుకొచ్చాను, నొక్కన్నయ్యా.

అన్నయ్య నొక్కలేదు. ఒక నిమిషం గడిచింది. "ఏదైనా ఒకటి నొక్కండి సార్," అన్నాడు ఫిజియో. ఇంకో నిమిషం గడిచింది. డాక్టరమ్మ వాచీ చూసుకుని పెన్ను మూత తీసింది.

"ప్రెసెనీకీ," అన్నాడు అన్నయ్య.

తెర వైపు చూసి కాదు. మెడ కష్టంగా తిప్పి, గోడ వైపు, చెల్లెలి వైపు చూసి అన్నాడు.

అప్పుడు ఆమెకు తట్టింది. చిన్నప్పుడు అన్నయ్య ఆ మొదటి మీట ఒక్కసారి కూడా నొక్కలేదు. ఆమెకు అప్పుడు అయిదేళ్ళు. పొట్టివాణ్ణి దూకించడం చేతకాక, తననీ ఆడనివ్వమని కాళ్ళు నేలకేసి కొట్టుకుని ఏడిస్తే, అన్నయ్య ఒక షరతు పెట్టాడు. ఆట మొదలెట్టేది నువ్వే, నువ్వు నొక్కితేనే మొదలు. ఆమె వంటింట్లో ఉన్నా, మేడ మీద ఉన్నా, స్నానాల గదిలో ఉన్నా సరే, తెర మీద ఆ మాటలు రాగానే కేకేసేవాడు, వచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చునేవాడు. ఆ కేక విని ఇంట్లోవాళ్ళు అది ఆట పేరనుకున్నారు. పెద్దయ్యాక ఆమె కూడా అంతే అనుకుంది. కానీ అది ఆట పేరు కాదు, అన్నయ్య తనని పిలిచే పిలుపు.

ఈ పది రోజులూ ఆయన పిలుస్తూనే ఉన్నాడు. తనేమో ఊరంతా తిరుగుతోంది.

గోడ వదిలి ముందుకు వచ్చింది. "మేడమ్, ముట్టుకోకూడదు," అన్నాడు ఫిజియో. "మీరు నొక్కితే నేను రాయలేను," అంది డాక్టరమ్మ.

"రాయకండి," అని చెల్లెలు చేతికందిన మీట నొక్కేసింది.

సొరంగం వెలిగింది. పొట్టివాడు గుమ్మంలో వచ్చి నిలబడ్డాడు. ఎవరూ కదలలేదు. తరవాత అన్నయ్య కుడిచేతి వేలు వణికింది, ఆగింది, బాణం గుర్తు మీటను కిందికి నొక్కింది. పొట్టివాడు ఒక అడుగు వేశాడు, ఇంకో అడుగు వేశాడు. ఎడమచేతి బొటనవేలు పొడుగు మీట మీద పడింది. పొట్టివాడు ఎగిరి, మొదటి గంట అందుకుని, నేరుగా వెళ్ళి గోతిలో పడ్డాడు.

"ఛ," అన్నాడు అన్నయ్య.

డాక్టరమ్మ రాయడం మొదలుపెట్టింది. రాస్తూ రాస్తూ ఆగి కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుంది. ఏడుపుగొట్టు పాట పూర్తయి, మూడు మాటలు మళ్ళీ మిణుకుమిణుకుమన్నాయి. అన్నయ్య చేతులు ఆగిపోయాయి. డాక్టరమ్మ తెర వంకా ఆయన వంకా చూసి, చివరికి చెల్లెలి వంక చూసింది.

"ఏమ్మా, ఆయన ఆగారు చూడండి. నొక్కండి."

చెల్లెలికి కళ్ళనిండా నీళ్ళు కమ్మి మీటలు కనబడడం లేదు. బల్ల అంచు తడుముకుంటోంది. ఆ ఆలస్యానికే అన్నయ్యకు చిరాకొచ్చింది.

"ప్రెసెనీకీ!" అన్నాడు, ఈసారి గట్టిగా.

ఆయన మోచేతికి తగులుతూ నిలబడి ఉండి కూడా, "వస్తున్నా అన్నయ్యా, వస్తున్నా," అంది చెల్లెలు.