చీటీలు గుచ్చిన రవికె ముక్కలు

తాంబూలంలో వచ్చిన రవికె ముక్కను మరొకరికి తిప్పి పెట్టడం కుసంస్కారమని సుశీలమ్మ నరసరావుపేటలోని తమ వీధికంతటికీ ముప్పై ఏళ్లుగా బోధిస్తూ వచ్చింది. అదే వీధిలోని మల్లీశ్వరి గృహప్రవేశం నాడైతే పురోహితుడు కూడా మంత్రం ఆపి ఆ బోధ వినవలసి వచ్చింది. అది నిరాటంకంగా సాగాలంటే సుశీలమ్మ ఇనప్పెట్టెలో మూలుగుతున్న రెండువందల పైచిలుకు ముక్కలు ఎవరి కంటా పడకూడదు.

మిరప కోతలకు వచ్చే కూలీల పిల్లలను చేను గట్టున పడుకోబెట్టడానికి వీధిలోని ఆడవాళ్లంతా కలిసి బొంతలు కుడదామని మల్లీశ్వరి అనగానే, సుశీలమ్మలో కరుణ పొంగింది. కత్తిరించి కలిపి కుట్టేశాక ఏ ముక్క ఎవరిచ్చిందో దేవుడు కూడా చెప్పలేడు. మర్నాడే పెద్ద మూటతో మల్లీశ్వరి వరండాలోకి వెళ్లి, అన్నీ తాను కొన్నవేనని ప్రకటించి కూర్చుంది.

బొంతలు కుట్టడంలో ఆరితేరిన అమీనా బీ మూట విప్పి, పై ముక్క దులిపి, చటుక్కున వేలు నోట్లో పెట్టుకుంది.

“ఏందమ్మా, గుండుసూది? చీటీ గూడా ఉందే! ‘మల్లీశ్వరి, గృహప్రవేశం. రంగు దిగును. కొండమ్మకు పెట్టవలెను.’”

వరండాలో కత్తెరలు ఆగిపోయాయి.

ఎవరిచ్చింది వారికే తిరిగి పోకుండా సుశీలమ్మ ప్రతి ముక్కకూ చీటీ గుచ్చేది. చీటీలు పీకిన మూట ఇంట్లో ఉండిపోయింది. పీకనిది ఇక్కడికి వచ్చింది.

“రంగు దిగేది నాకా వదినా?” అంటూ ఎదురింటి కొండమ్మ ముక్క లాక్కుంది. “ఓసినీ, దీన్ని మల్లీశ్వరికి పెట్టింది నేనే! నాకు మా ఆడబిడ్డ పెట్టింది.”

“తిప్పి పెట్టానని నన్ను నా ఇంట్లోనే నిలబెట్టి కడిగావే పిన్నీ!” అంది మల్లీశ్వరి.

సుశీలమ్మ కళ్లజోడు సర్దుకుంది. “తిప్పినందుకు కాదు. చీటీ రాసుకోకుండా తిప్పినందుకు.”

వరండా గొల్లుమంది. ఆ నవ్వులో మర్యాద వీసమెత్తు లేదు.

అమీనా బీ మాత్రం నవ్వలేదు. “పసిపిల్లలు పొద్దస్తమానం తడుపుతారు. రంగు దిగే ముక్క ఒక్కటి పడినా బొంతంతా పాడైద్ది. ఏది దిగుద్దో ఎట్టా తెలిసేది?”

ప్రతి ముక్క అంచునూ తడిపి చూసి, ఫలితం రాసి పెట్టుకున్న మనిషి ఆ వీధిలో ఒక్కతే. మూట చుట్టుకుని లేచిపోతే, పరువు పోవడం ఆ ఒక్క చీటీతోనే ఆగుతుంది. సుశీలమ్మ ఒక కాలు గడప మీదికి వేసింది కూడా. తర్వాత వెనక్కి వచ్చి, చాప మీద కూర్చుని, బడిలో పాఠం అప్పజెప్పే గొంతుతో చదివింది.

“కొండమ్మ, వరలక్ష్మీ వ్రతం. రంగు దిగును, నేత పలచన. ఇచ్చినందుకు సిగ్గుపడవలెను.”

“అది గూడా రాశావా వదినా!”

“రాశాను. తరువాతిది అందుకో.”

సాయంత్రానికి రెండు గుట్టలయ్యాయి. రంగు దిగే గుట్టే పెద్దది. అందులోవి ఇచ్చినవాళ్లంతా దాని చుట్టూ తలలు వంచుకుని కుడుతున్నారు. దిగని వాటితో రెండు బొంతలు వచ్చాయి.

ఆ శుక్రవారం కొండమ్మ తన పేరంటంలో అందరికీ రవికె ముక్కలు పెట్టి, సుశీలమ్మ చేతిలో మాత్రం నాలుగు అరటిపండ్లు పెట్టింది.

“ఇయ్యి ఎంతకాలమని దాస్తావులే వదినా. రేపటికే చానా మగ్గిపోతయ్.”

సుశీలమ్మ ఇంటికి వచ్చి, తలుపు వేసుకుని, రెండు తిన్నది. మిగిలిన రెండూ ఒక గిన్నెలో పెట్టి మల్లీశ్వరి ఇంటికి పంపింది.