సైటు రోజులు

ఇరవై ఏళ్లుగా స్లాబు స్లాబుకీ ఎక్కి, ఊచకీ ఊచకీ మధ్య దూరం కొలిచి కొలిచి ఆమెకు టేపు మేడమ్ అన్న పేరు స్థిరపడిపోయింది. ఈసారి చీఫ్ ఇంజనీరు పోస్టు ఆమెదేనని కంపెనీలో అందరూ అనుకున్నారు. ఆమె కూడా అనుకుంది, పాపం.

డైరెక్టరు సైటు రిజిస్టరు తిరగేశాడు. "రెండేళ్లలో మూడు వందల సైటు రోజులుండాలమ్మా. మీకు రెండు వందల పన్నెండే ఉన్నాయి."

"మిగతా రోజులు నేను ఊరికే కూర్చోలేదు సార్. సమాన అవకాశాల కమిటీలో కూర్చున్నాను. మీరేగా వేశారు."

"ఆ పనికి కంపెనీ అంతా మిమ్మల్ని మెచ్చుకుంటోంది. కానీ రూలు రూలే కదా."

మెచ్చి మేకతోలు కప్పడమంటే ఇదే. సైటులో ఆడవాళ్లకు అవకాశాలు ఎలా పెంచాలో మాట్లాడటానికి, ఉన్న ఒక్క సీనియర్ ఆడ ఇంజనీరునూ వారం వారం సైటు నుంచి లాక్కొచ్చారు. వీళ్ల తెలివికి దండం పెట్టాలి. కాంక్రీటు పోసేదీ కమిటీ కూర్చునే రోజే. ఆమె పైన గదిలో మాట్లాడుతుంటే కింద రిజిస్టరులో ఇంకెవరో సంతకం పెట్టేవారు, ఆ రోజు వాళ్ల లెక్కలోకి వెళ్లేది.

"మానెయ్యరాదూ ఆ కమిటీ," అన్నాడు భర్త ఆ రాత్రి, ఆమె కంచంలో చెయ్యి పెట్టి అలాగే కూర్చుంటే. "వచ్చే రెండేళ్లలో రోజులు నిండుతాయి."

నిజమే అనిపించింది. మానేస్తున్నానని కాగితం రాసి, పొద్దున్నే సంచిలో పెట్టుకుని వెళ్లింది.

మెట్ల దగ్గర జూనియర్ అమ్మాయి ఎదురొచ్చింది. చేరి రెండేళ్లయింది, పనిమంతురాలు. ముఖం వెలిగిపోతోంది.

"మేడమ్, ఒకవేళ మీరు మానేస్తే మీ చోట నన్ను వేస్తామన్నారు డైరెక్టరు గారు. ఇవాళ మీటింగుకి వచ్చి చూడమన్నారు."

"ఇవాళ నీ స్లాబు కదా. ఎవరు చూస్తారు?"

"అబ్బాయిలున్నారుగా, చూసుకుంటారని చెప్పారు మేడమ్."

ఆమెకు ఒళ్లు మండింది. మండి, అంతలోనే చల్లారిపోయింది. కోపానికీ ఓపిక కావాలి.

"నువ్వు కిందికి వెళ్లు. నీ స్లాబుకి సంతకం నువ్వే పెట్టు."

"మరి మీటింగు?"

"నేను చూసుకుంటాలే, వెళ్లమ్మా."

అమ్మాయి కాస్త చిన్నబుచ్చుకుని మెట్లు దిగింది. టేపు మేడమ్ కాగితం సంచిలోనే ఉంచి, కమిటీ గదిలోకి వెళ్లి హాజరు పట్టీలో సంతకం పెట్టింది. ఏడుపు రాలేదు, గొప్ప పని చేశాననీ అనిపించలేదు. ఇక ఎప్పటికీ తను చీఫ్ ఇంజనీరు కాబోదని మాత్రం అప్పుడే తెలిసింది.