ఎడమవైపు కొత్త టైర్లు

నేరేడ్‌మెట్‌లో కల్పలతకు ఒక నీళ్ళ ట్యాంకర్ ఉంది. మిలిటరీ వేలంలో కొన్న లారీ మీద ట్యాంకు ఎక్కించింది. దాన్ని ఏసురత్నం నడుపుతాడు. ఈ ఎండాకాలం ఆ లారీ రెండు రకాలుగా మొరాయించింది. మలుపు తిరిగితే వెనక ఇరుసులో కటకటమని చప్పుడు, కుదుపు. బోరు దగ్గర బురదలో దిగితే ఒక పక్క చక్రాలు ఊరికే తిరిగేవి, బండి కదిలేది కాదు.

ఒక మెకానిక్ చూసి డిఫరెన్షియల్ పట్టేసిందన్నాడు. ఇంకొకడు వదులైందన్నాడు. ఒకే వస్తువు పట్టేయడం, వదులవడం ఎలా జరుగుతాయో కల్పలతకు అర్థం కాలేదు. బండిలో తప్పు లేకపోతే నడిపేవాడిలో ఉంటుందనుకుంది. ఏసురత్నం దగ్గర తాళంచెవి తీసేసుకుంది. రెజిమెంటల్ బజార్ మెకానిక్ బ్రహ్మచారి కూడా డ్రైవింగే కారణమంటే వేరే మనిషిని పెట్టుకుంటానని చెప్పింది. తానేం చేశాడో ఏసురత్నానికీ తెలియదు.

బ్రహ్మచారి తన షెడ్డులో లారీ వెనక చక్రాలను రెండు పక్కలా జాకీల మీద లేపాడు. బండిని గేర్‌లో ఉంచి ఎడమ చక్రాన్ని చేత్తో తిప్పబోయాడు. కదల్లేదు. బలంగా తోస్తే కుదుపుతో తిరిగింది. కుడి చక్రం ఎదురు దిక్కుకు తిరిగింది. మళ్ళీ తోశాడు. మళ్ళీ పట్టుకుంది, మళ్ళీ వదిలింది.

"ఆ మెకానిక్‌లిద్దరూ నిజమే చెప్పిన్రు," అన్నాడు బ్రహ్మచారి. "గిదే నాకు సమజైతలేదు."

మలుపులో బయటి చక్రం లోపలి చక్రం కన్నా ఎక్కువ దూరం పోవాలి. దానికి వీలు కల్పించేది డిఫరెన్షియల్. మామూలు లారీలో దానికొక లోపం ఉంది. ఒక చక్రం బురదలో జారితే, దాన్ని తిప్పడానికి చాలినంత కొద్ది బలమే గట్టి నేల మీది చక్రానికీ అందుతుంది. ఈ మిలిటరీ బండిలో లోపల ప్లేట్ల దొంతరలు ఉన్నాయి. అవి ఒకదాన్నొకటి రాసుకుని, ఒక చక్రం ఒంటరిగా పరుగెత్తకుండా ఆపుతాయి. ఇదంతా బ్రహ్మచారి కల్పలతకు, ఏసురత్నానికి చెప్పాడు. డిఫరెన్షియల్ డబ్బాలోని ఆయిల్ దించితే నల్లగా, మాడిన వాసనతో వచ్చింది. ప్లేట్లు విరామం లేకుండా రాసుకున్నాయి. తిన్నటి రోడ్డు మీద అవి ఎందుకు రాసుకోవాలో అతనికి తట్టలేదు.

"తాగి నడిపితే అట్లయితదా?" అని కల్పలత అడిగింది.

"నేను తాగనండి," అన్నాడు ఏసురత్నం. "పాస్టర్ గారిని అడగండి."

"పాస్టరు గారు బండి కింద పండుకుని చూస్తడా? జెర ఆగుండ్రి," అన్నాడు బ్రహ్మచారి.

ఈ మధ్య బండికి ఏం మార్చారని అడిగాడు. వెనకకు రెండు టైర్లు కొన్నామని కల్పలత చెప్పింది. పక్కకు రెండు చొప్పున వెనక నాలుగుంటాయి. నాలుగూ కొనడం ఎందుకని అరిగినవి రెండే మార్పించింది. ఏసురత్నం వాటిని ఎడమవైపు జంటగా వేశాడు. జంట టైర్లు సమానంగా ఉండాలి కదా అన్నాడు. పైగా రోడ్డు దిగేది ఎప్పుడూ ఎడమ పక్కే, బురద అటే ఉంటుంది. కొత్త టైరు పట్టు అక్కడే కావాలి.

బ్రహ్మచారి ఆయిల్ నింపి, బండిని దించి, రెండు పక్కలా టైర్ల అడుగున సుద్దతో గీతలు గీశాడు. ఏసురత్నాన్ని బండి నిదానంగా తిన్నగా నడపమన్నాడు. ఒక పక్క తను, ఒక పక్క కల్పలత నడిచారు. ఎడమ గీత పదోసారి నేల తాకినప్పుడు బండిని ఆపించాడు. కుడి గీత అప్పటికే నేల దాటి వెనకవైపు పైకి లేచి ఉంది.

"ఎడమది పెద్దగున్నది, కుడిది చిన్నగున్నది. తిన్నగ పోయినా చిన్నది ఎక్కువ తిరగాలె. లోపలి ప్లేట్లకేమో బండి ఎప్పుడూ మలుపులో ఉన్నట్టే."

"మరి తప్పు ఎవరిది?" అని కల్పలత అడిగింది.

"రెండే కొన్నది నువ్వమ్మా. ఒక్క దిక్కు వేసింది ఆయన. వేరే లారీకైతే నేను సుత అట్లనే వేస్తుంటి."

కల్పలత ఏసురత్నం వైపు చూసింది. అతను టైర్ల వైపు చూశాడు.

టేపుతో కొలిస్తే ముందు టైర్లు, కుడివైపు టైర్లు సమానంగా వచ్చాయి. కొత్తవి రెండూ ముందుకు, ముందువి ఎడమ వెనకకు మార్చారు. తాను నింపింది ప్లేట్లకు సరిపడే ఆయిలేనని, అది ప్లేట్ల మధ్యకు బాగా చేరాలంటే బండిని ఎనిమిది అంకెలా తిప్పాలని బ్రహ్మచారి చెప్పాడు. ప్లేట్లు మాత్రం కొంత అరిగాయి. చప్పుడు పూర్తిగా పోతుందో లేదో చెప్పలేనన్నాడు.

నేరేడ్‌మెట్ మైదానంలో ఏసురత్నం బండిని ఎనిమిదిలా తిప్పాడు. పక్కన కల్పలత కూర్చుంది. మొదట చప్పుడు వచ్చింది. తర్వాత వచ్చిందో లేదో ఇద్దరికీ తెలియలేదు.

"ఇప్పుడు వినిపించిందా?" అని ఆమె అడిగింది.

"వినిపించినట్టే ఉందండి. లేనట్టూ ఉందండి."

ఆమె దిగి వెళ్ళిపోయింది. తాళంచెవి బండికే ఉంది. మరిచిపోయిందో, ఇచ్చేసిందో ఏసురత్నానికి తెలియలేదు. పిలిచి అడగబోయాడు. గేటు దగ్గర ఆమె వెనక్కి తిరిగింది.

"పొద్దుగాల నీళ్ళకు నువ్వే పోవాలె. బురదల దిగకు."

ఏసురత్నం సరేనన్నాడు. ఆమె వెళ్ళాక ఇంకో ఎనిమిది తిప్పాడు, అద్దం దించి, చెవి బయటికి పెట్టి.